మంచులో మసకబారిన నమ్మకం

అట్ట నిండా బూడిదరంగు. మనిషి లేడు, గిటారు లేదు, నవ్వే ముఖం అసలే లేదు. కళ్లు చిట్లించి చూస్తే పొగమంచులోంచి ఏవో గోడలు లీలగా కనిపిస్తాయి. 1981 ఏప్రిల్లో బ్రిటన్‌లో విడుదలైన 'ఫెయిత్' ఆల్బమ్ అట్ట అది. పాడింది 'ద క్యూర్' రాక్ బ్యాండు. ఫెయిత్ అంటే నమ్మకం. మరి ఆ గోడలు? ఓ పాత క్రైస్తవ మఠానివి. ఇంగ్లండ్‌లోని నార్త్ యార్క్‌షైర్‌లో, వార్ఫ్ నది ఒడ్డున, బోల్టన్ అబీ అనే చిన్న ఊళ్లో అవి ఇప్పటికీ ఉన్నాయి.

తల్లి కన్నీటి కానుక

ఆ ఊరికీ ఓ స్థల పురాణం ఉంది. మఠానికి కాస్త ఎగువన వెడల్పాటి వార్ఫ్ నది ఒక్కసారిగా బండరాళ్ల మధ్య ఇరుకు సందులోకి దూరుతుంది. దాని పేరు 'స్ట్రిడ్'. ఒక్క అంగలో దాటేయొచ్చు అనిపిస్తుంది. కానీ అడుగున లోతు, సుడులు. పడితే అంతే సంగతులు! స్కిప్టన్ కోట యజమానురాలు ఆలిస్ కొడుకు అలాగే దూకబోయి మునిగిపోయాడనీ, ఆ కడుపుకోతతోనే ఆమె మఠానికి భూమి రాసిచ్చిందనీ చెబుతారు. కథ మాటెలా ఉన్నా, ఆలిస్ ఇచ్చిన స్థలంలో 1154 ప్రాంతంలో అగస్టీనియన్ సన్యాసులు ఇక్కడ స్థిరపడ్డారన్నది మాత్రం చరిత్ర.

సగం శిథిలం... సగం సజీవం

1520లో పడమటి వైపు ఓ పెద్ద గోపురం కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తి కాకముందే ఎనిమిదో హెన్రీ రాజు దేశంలోని మఠాలన్నీ మూసేయించాడు. 1539లో దీని వంతూ వచ్చింది. తూర్పు భాగం కప్పు పోయి, మొండి గోడలూ ఖాళీ కిటికీ కమానులూ మిగిలాయి. పడమటి భాగాన్ని మాత్రం ఊరివాళ్ల ప్రార్థనలకు వదిలేశారు. అక్కడ నేటికీ ఆరాధన జరుగుతుంది. ఒకే కట్టడంలో ఓ పక్క ఆకాశమే కప్పు, మరో పక్క వెలుగుతున్న దీపం! అర్ధంతరంగా ఆగిన ఆ గోపురానికి 1984లో గానీ కప్పు పడలేదు.

ముగ్గురు కుర్రాళ్లు... ఎనిమిది పాటలు

'నమ్మకం' అని పేరు పెట్టిన ఆల్బమ్‌కి ఇంతకన్నా తగిన బొమ్మ ఎక్కడ దొరుకుతుంది? గాయకుడు రాబర్ట్ స్మిత్‌కి పాటల రికార్డింగ్ నాటికి ఇరవై ఒక్కేళ్లే. క్యాథలిక్ కుటుంబంలో పెరిగినవాడు. చిన్నప్పటి నమ్మకం చేజారిపోతోందన్న దిగులు పాటల నిండా పరుచుకుంది. డ్రమ్మర్ లాల్ టోల్‌హర్స్ట్ తల్లి మంచాన పడి ఉన్న రోజులవి. ఆ ఏడాదే, బ్యాండు ప్రదర్శనల మధ్యలో ఉండగా ఆమె కన్నుమూసింది.

ఆ బరువంతా సంగీతంలో వినిపిస్తుంది. హడావుడి లేదు. నింపాదిగా సాగే డ్రమ్, గుండెల్లో మోగే బేస్ గిటారు, సన్నటి కీబోర్డు... మధ్యలో బోలెడంత నిశ్శబ్దం. 'ప్రైమరీ' పాటలో స్మిత్, సైమన్ గాలప్ ఇద్దరూ బేస్ గిటార్లే వాయించారు. మామూలు గిటారు ఊసే లేదు! 'ద డ్రౌనింగ్ మ్యాన్' పాటకు మెర్విన్ పీక్ నవలలో నీట మునిగి చనిపోయే అమ్మాయి ఫ్యూషియా ప్రేరణ. స్ట్రిడ్ కథ తెలిసినవాళ్లకు ఆ పాట వింటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంత దిగులు పాటల్ని ఎవరు కొంటారు అనుకోవచ్చు. కానీ బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో 'ఫెయిత్' 14వ స్థానం దాకా వెళ్లింది.

వెళ్లాలంటే...

లీడ్స్ నుంచి రైల్లో స్కిప్టన్ చేరితే అక్కడికి బోల్టన్ అబీ పది కిలోమీటర్ల దూరం. దగ్గర్లోని ఎంబ్సే నుంచి పాతకాలపు ఆవిరి రైలు కూడా నడుస్తుంది. మఠం పక్కనే నదిలో యాభైకి పైగా రాళ్లు వరసగా పరిచి ఉంటాయి. వాటిమీద అడుగులేస్తూ అవతలి ఒడ్డుకు చేరొచ్చు. భయపడేవాళ్లకు పక్కనే వంతెన ఉంది. స్ట్రిడ్ దగ్గర మాత్రం సాహసాలొద్దు!

వేసవిలో పిల్లాపాపలతో ఆ ఒడ్డు కళకళలాడుతుంది. అట్టమీది దృశ్యమే కావాలంటే శరత్కాలపు ఉదయం వెళ్లాలి. మంచులో గోడలన్నీ ఒకటే అయిపోతాయి. ఏది కూలిన సగమో, ఏది నిలిచిన సగమో తెలియదు. తలుపు తోసుకుని లోపలికి వెళితే గానీ!