వంటింటి రేకుతో మిగ్ విమానం

ఈరోజు పోస్టులో పంటల సంగతి లేదు. బొమ్మ విమానానికి అల్యూమినియం రేకు అంటించడం గురించి రాస్తున్నా. సీతారామపురంలో కూర్చుని ఇదేం పని అని నవ్వుకున్నా సరే, చివరిదాకా చదవండి.

మా చిన్నాయన 1966లో ఎయిర్‌ఫోర్సులో చేరి మిగ్-21 విమానాల బాడీ పని చేసినాడు. 1963లో మన దళంలో చేరిన ఆ విమానాలకి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. టీవీలో కనిపించినవి బూడిద రంగువి. "మా కాలంలో రంగే లేదురా. ఉట్టి లోహం. ఎండలో కళ్లు చెదిరేవి" అన్నాడు చిన్నాయన.

ఆయనకి నీటికాసులు. ఎడమ కన్ను పోయింది. కుడి కంట్లో మిగిలింది కొంచెమే. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేసినాడు. ఉన్న చూపుతో ఆ విమానాన్ని అప్పటి రూపంలో ఒక్కసారి చూడాలని ఆయన ఆశ. అందుకే మా అబ్బాయి 72వ వంతు సైజు ప్లాస్టిక్ కిట్ తెప్పించినాడు. ముక్కు ముందుండే గొట్టంతో కలిపి జానెడు ఉంటుంది.

వెండి రంగు పూస్తే పోలా అంటారేమో. రంగు అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది. చిన్నాయన కంటికి అది బూడిద ముద్ద. అసలు విమానం పలకలు పలకలుగా రివిట్లతో బిగించింది. తిప్పేకొద్దీ ఒక్కో పలక ఒక్కోలా వెలుగుతుంది. రేకు కూడా లోహమే కాబట్టి అట్లాగే వెలుగుతుంది. మందం కూడా కుదిరింది. మేం వాడే వంటింటి ఫాయిల్ 11 మైక్రాన్లు. 72తో హెచ్చవేస్తే 0.8 మిల్లీమీటరు. అసలు విమానాల తొడుగు కూడా చాలాచోట్ల మిల్లీమీటరుకి అటూ ఇటూనే.

గుళ్లో ధ్వజస్తంభం మానుకి ఇత్తడి తొడుగు వేసినట్టే ఈ పని. ముందు ప్లాస్టిక్‌ని నున్నగా రుద్ది దుమ్ము తుడవాలి. రేకు దేన్నీ దాచదు, చిన్న నలుసున్నా పైకి తేలుతుంది. రేకుకి పల్చగా జిగురు రాసి, అది ఆరి జిగటగా అయ్యేదాకా ఆగాలి. పలక గీతలు ఎట్లా ఉంటే అట్లా ముక్కలు పెట్టి, మధ్య నుంచి అంచులకి రుద్దాలి. దానికి ఉదయగిరి చెక్క స్పూను కాడ బాగా పనికొచ్చింది. ఆ తర్వాత కొత్త బ్లేడుతో గీత వెంబడి కోసెయ్యాలి.

ఫాయిల్‌కి ఒకవైపు మెరుపు, ఒకవైపు మసక. తయారీలో చివరిసారి రెండు పొరలు కలిపి రోలర్ల మధ్య నడుపుతారు. రోలరు తగిలిన వైపు మెరుస్తుంది. ఇంకా మసక కావాలంటే గుడ్లు ఉడికే నీళ్లలో వేస్తాం. గుడ్లు ఉడకబెట్టిన సత్తు గిన్నె లోపల నల్లబడటం మీరూ చూసే ఉంటారు, అదే ఇది.

చిన్నాయన చేత్తో తడిమి అతుకులు చెబుతాడు. "వెనక మంట వచ్చే చోట లోహం వేడికి రంగు మారుతుంది, అక్కడ గుడ్ల రేకు వెయ్యి" అన్నాడు. ముక్కు కొనకి రేకు వెయ్యనియ్యలా. "లోపల రాడారు ఉంటుందిరా, లోహం అడ్డమొస్తే దానికేం కనిపిస్తుంది? అక్కడ ఆకుపచ్చ రంగే" అన్నాడు. రెక్కలు అయిపోయిన రోజు దాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పుతా చాలాసేపు కూర్చున్నాడు. ఏమీ అనలా.

తోక ఇంకా మిగిలింది. పొద్దున వెలుతురు బాగున్న గంటసేపే పని, తోటకి నీళ్లు కట్టడం సాయంత్రానికి మార్చుకున్నా. అయిపోయాక ఫోటో పెడతా. మాకూ తొందరగానే ఉంది. కానీ జిగురు ఆరేదాకా ఆగక తప్పదు.