వ్యాన్‌లో రెండో బ్యాటరీ

క్యాంపర్ వ్యాన్‌లో సాధారణంగా రెండు బ్యాటరీలుంటాయి. ఒకటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి, రెండోది ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్లకు. పాపం, నిర్లక్ష్యానికి గురయ్యేది ఈ రెండోదే.

లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే, లోడ్ తీసేసి కొంతసేపు ఆగి కొలిచినప్పుడు సుమారు 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.1కి దిగిందంటే దాదాపు సగం ఖర్చయినట్టే. అక్కడ వాడకం ఆపేయాలి. చార్జ్ చేయకుండా వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. అలా తగ్గిన సామర్థ్యం చాలావరకు తిరిగి రాదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 80 శాతం వాడుకున్నా తట్టుకుంటుంది. దానికి పడనిది చలి. సున్నా డిగ్రీల సెల్సియస్ కింద చార్జ్ చేస్తే సెల్ శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

డిసెంబరులో కొలరాడో కొండలకు వ్యాన్‌లో వెళ్లే మనవాళ్లూ, చలిలో చార్జింగ్ ఆపే రక్షణ మీ బ్యాటరీలో ఉందో లేదో ముందే కనుక్కోండి.