సముద్రగర్భంలో సాక్ష్యం

ఆపద చెప్పి రాదు. ఒక్కనికి భారమైన నష్టాన్ని పదిమందీ పంచుకొంటే అది తేలికవుతుందన్న భావన నుంచి బీమా ఆవిర్భవించింది. వేలమంది చెల్లించే ప్రీమియం ఒక నిధిగా ఏర్పడి, నష్టపోయినవారికి ఆసరా అవుతుంది. ఆ నిధి నిలిచేది పరస్పర విశ్వాసం మీదనే.

వస్తువు విలువ, దాని గుణదోషాలు యజమానికి తెలిసినంతగా బీమా సంస్థకు తెలియవు. అతని మాటను నమ్మియే అది ఒప్పందం చేసుకొంటుంది. సుమత్రా ద్వీపంలోని ఒక కోటకు చేసిన బీమా విషయమై 1766లో తీర్పు చెప్పిన ఇంగ్లండు న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్, ఇరుపక్షాలూ ముఖ్యాంశాలను దాచక సద్భావంతో మెలగాలని నిర్దేశించాడు.

ఈ విశ్వాసానికి ద్రోహం జరిగితే ఏమవుతుందో ‘లుకోనా’ అనే ఓడ కథ తెలుపుతుంది. ఇటలీ నుంచి హాంగ్‌కాంగ్‌కు బయలుదేరిన ఆ ఓడ 1977 జనవరి 23న మాల్దీవుల సమీపాన పేలి మునిగిపోయింది. అందులోని పన్నెండుమందిలో ఆరుగురు మరణించారు. ఆస్ట్రియా వ్యాపారి ఉడో ప్రోక్ష్, ఓడలో యురేనియం శుద్ధిచేసే యంత్రాగారం ఉన్నదని చెప్పి, 21 కోట్ల 20 లక్షల షిల్లింగుల పరిహారం కోరాడు. సంస్థకు సందేహం కలిగింది. అది సొమ్ము చెల్లించడానికి నిరాకరించి, నిజం రాబట్టడానికి పూనుకొన్నది. నిజానికి ఓడలో ఉన్నది పనికిరాని పాత ఇనుప సామాను. పలుకుబడి గల మిత్రుల అండతో ప్రోక్ష్ చాలాకాలం తప్పించుకొన్నాడు. ఎట్టకేలకు 1991లో నాలుగు వేల మీటర్లకు పైగా లోతున ఓడ శిథిలాలు బయటపడ్డాయి. పేలుడు జరిపించినది అతడేనని న్యాయస్థానం నిర్ధారించింది. 1992లో అతనికి యావజ్జీవ శిక్ష ఖరారయింది. అయినా ఆ ఆరుగురు నావికులు తిరిగి రాలేదు.

ఇంతటి ఘోరాలు అరుదు. కాని లేని నగ పోయిందనడం, ఉన్న నగకు రెట్టింపు వెల చెప్పడం కూడ ఆ జాతి అసత్యాలే. అందుకే సంస్థలు కొనుగోలు రసీదు, విలువ నిర్ధారణ పత్రం, పోలీసులకిచ్చిన ఫిర్యాదు ప్రతి అడుగుతాయి. మన దేశంలో 1938 నాటి బీమా చట్టం ప్రకారం, నిర్ణీత మొత్తాన్ని మించిన నష్టాన్ని లైసెన్సు పొందిన సర్వేయరు పరిశీలించాలి. మోసం రుజువైతే పరిహారం దక్కదు సరికదా, శిక్ష కూడ పడవచ్చు.

అయితే ఒకరి మోసానికి మరొకరు మూల్యం చెల్లించరాదు. అమ్మమ్మ ఇచ్చిన గొలుసు దొంగలపాలైన ఇల్లాలి వద్ద రసీదు ఉండకపోవచ్చు. పాత పెళ్లిఫోటో ఒక్కటే ఆమెకు ఆధారం. ఆమెను దోషిగా చూడడం కూడ విశ్వాసభంగమే. సంస్థ అన్యాయం చేసిందని తోచినవారికి 1998 నుంచి బీమా అంబుడ్స్‌మన్ వ్యవస్థ అందుబాటులో ఉన్నది.

అబద్ధమాడినవాడు దోచేది సంస్థను మాత్రమే కాదు. ఆ నష్టం పెరిగిన ప్రీమియంగా, పెరిగిన అనుమానంగా నిజాయితీపరుల గుమ్మానికే చేరుతుంది. ఉమ్మడి నిధిని కాపాడవలసినది సర్వేయరు ఒక్కడే కాదు, సంతకం చేసే ప్రతి చేయీను.