తేలే గుడ్లు, మునిగే గుడ్లు

గేదె పాలు తగ్గించిందా, దూడ బొచ్చు రేగి ఎండిపోతోందా, ఇరుగుపొరుగు చెప్పే మాట ఒకటే: "నట్టల మందు పట్టించు." మందు మంచిదేనండీ. ఏ నట్టలున్నాయో తెలియకుండా పట్టించడంలోనే ఉంది చిక్కంతా. ఆ సంగతి చెప్పేది పేడ. ముక్కు మూసుకోనంటే కాసేపు దాని కబుర్లే చెప్పుకుందాం.

పేడ తాజాగా ఉండాలి. నేల మీది కుప్పలోంచి గీకి తెస్తే, మట్టిలో బతికే పురుగులు కూడా అందులో చేరి పరీక్ష చేసేవారిని తికమకపెడతాయి. చేతికి తొడుగు వేసుకుని పశువు నుంచి నేరుగా తీయడం మేలు. డబ్బాను ఎండలో వదిలేస్తే గుడ్లు పొదిగి పిల్లలు బయటికొస్తాయి; చల్లగా ఉంచి ఆ రోజే పశువుల ఆసుపత్రిలో ఇచ్చేయండి.

అసలు వినోదం ఆసుపత్రిలో. ఇక కరగనంత ఉప్పు కలిపిన నీళ్లలో పేడ కలిపి, వడగట్టి, గాజు గొట్టం అంచుదాకా పోసి పైన చిన్న గాజు పలక మూస్తారు. ఏలిక పాముల్లాంటి గుండ్రటి పురుగుల గుడ్లు తేలికైనవి, పైకి తేలి పలకకు అంటుకుంటాయి. జలగల గుడ్లు బరువు, తేలవు. వాటికోసం బియ్యం కడిగినట్టు పేడలో నీళ్లు పోసి, మడ్డి దిగాక ఒంపేసి, మళ్లీ పోసి, చివరికి అడుగున మిగిలింది సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పసుపుపచ్చగా కనిపిస్తే కాలేయపు జలగ గుడ్డు, రంగు లేకపోతే పొట్ట జలగది.

అందుకే "ఏమీ లేవు" అని చీటీ వస్తే, ఏ పద్ధతిలో చూశారని అడగండి. చెరువు గట్టున, వరి మళ్లలో మేసే పశువుకైతే మడ్డి పరీక్ష కూడా చేయమని నేను పట్టుబడతాను. జలగ పిల్లలు పెరిగేది అక్కడి నత్తల్లోనే కదా! ఇంకో తిరకాసుంది. పొట్ట జలగల పిల్లలు పేగుల్ని కొరికి పశువును పారించే రోజుల్లో ఇంకా గుడ్లే పెట్టవు. చీటీ శుభ్రంగా ఉంటుంది, దవడ కింద మాత్రం నీరు దిగుతుంది. అప్పుడు డాక్టరు గారి కళ్లే దిక్కు.

గేదె దూడల సంగతి వేరు. ఏలిక పాముల పిల్లలు తల్లి పాలతోనే వాటి కడుపులోకి చేరతాయి. మూడు వారాల వయసుకే పేడలో గుడ్లు కనిపించవచ్చు.

గుడ్లున్నాయని తెలిస్తే చాలదు, ఎన్నున్నాయో లెక్క కూడా కావాలి. ఆస్ట్రేలియాలో 1939లో గార్డన్, విట్‌లాక్ అనే ఇద్దరు గళ్లు గీసిన గాజు పలకతో దీనికో పద్ధతి చెప్పారు. మెక్‌మాస్టర్ పలక అంటారు దాన్ని. మందుకు ముందు ఒకసారి, తర్వాత 10 నుంచి 14 రోజుల్లో మరోసారి లెక్కిస్తారు. గుండ్రటి పురుగుల గుడ్లు 95 శాతమైనా తగ్గకపోతే, మోతాదు సరిగ్గానే పడిందా అని ముందు చూసుకుని, ఆపైన మందుకు పురుగులు లొంగడం లేదేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు ఆల్బెండజోల్ మాని ఫెన్‌బెండజోల్ కొంటే డబ్బు దండగ. రెండూ ఒకే కుటుంబం. ఈ ముక్క మందుల కొట్టాయన చెప్పడు లెండి, డాక్టరు గారినే అడగండి.