పిట్టగోడ లేని మెట్లు



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో ఇల్లు కట్టేవారికి దేవుడు ఒక చిన్న ఆజ్ఞ ఇచ్చాడు. కొత్త ఇల్లు కడితే మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, పైనుండి ఎవరైనా పడినప్పుడు ఆ దోషము ఆ యింటిమీదికే వస్తుంది. ఆ దేశములో మిద్దెలు చదునుగా ఉండేవి. అక్కడే ఆరబోసుకునేవారు, అక్కడే పడుకునేవారు. పేతురు ప్రార్థన చేయడానికి ఎక్కినది కూడా మిద్దెమీదికే. పిల్లలు, ముసలివారు తిరిగే చోటు గనుక అంచుకు అడ్డు ఉండాలి. దశమభాగము గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాను గాని, పిట్టగోడ గూర్చి ఒక్కటీ వినలేదు.

మా సంఘము విజయవాడలో ఒక కొండ క్రింద ఉన్నది. విశ్వాసులలో సగము మంది కాపురము కొండమీదే. ఒక ప్రక్క కృష్ణానది, నడుమ బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, మిగిలినచోట కొండలు. క్రింద స్థలము కొనలేని కూలీలు రాళ్ళ మధ్య ఇళ్ళు వేసుకుంటూ పైపైకి పోయారు. మెట్లు కూడా ఎవరికి దొరికిన రాయి వారు పేర్చినవే. ఒకటి ఆరు అంగుళాలైతే తరువాతది అడుగు. వాన పడితే భయము. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురములో కొండచరియ విరిగిపడి పలువురు మరణించిన సంగతి మీకు తెలుసు.

పైన 78 ఏళ్ళ మామ్మగారు ఒకరున్నారు. కొడుకు, కోడలు బాగా చూసుకుంటారు, తిండికి లోటు లేదు. మోకాళ్ళు పట్టేసినప్పటినుండి నాలుగేళ్ళుగా ఆమె ఆరాధనకు దిగలేదు.

"ఎక్కడం కాదు అయ్యగారూ, దిగడమే భయం. పట్టుకోడానికేం లేదు" అన్నారొకనాడు.

ఆసుపత్రికైతే ఇద్దరు కుర్రవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో మోసుకొస్తారు. ఆ కుర్చీలో మందిరానికి రావడానికి మాత్రము ఆమె ఒప్పుకోరు. నలుగురూ చూస్తారని సిగ్గు. ఆ సిగ్గును నేను తప్పుపట్టను.

పట్టణాభివృద్ధి అనగానే మనకు వంతెనలు గుర్తొస్తాయి. 2020లో దుర్గగుడి దగ్గర ఫ్లైఓవర్ తెరిచారు. వాహనాలకు మేలే జరిగింది, కాదనను. అయితే చెరనుండి తిరిగివచ్చి యెరూషలేమును కట్టుకుంటున్నవారికి, క్రీ.పూ. 518 ప్రాంతములో, జెకర్యా చూపిన పట్టణము వేరు. 8వ అధ్యాయము చదవండి. అక్కడ చేతికర్రలతో వీధిలో కూర్చున్న వృద్ధులు, అదే వీధిలో ఆడుకునే పిల్లలు కనబడతారు. ఎంత నిమ్మళమైన వీధి అయితే ఇద్దరికీ సరిపోతుంది!

గత వేసవిలో మా యౌవనస్థులు మొదటి 40 మెట్లకు ఇనుప పైపు బిగించారు. సంఘపెద్దలలో ఒకరు, "అది మందిరం ఆర్చీకి దాచిన డబ్బు కదండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. చాలాసేపు మాట్లాడుకున్నాము, ఆర్చీ వాయిదా పడింది. వెల్డింగు చేసిన సహోదరుడు కూలి తీసుకోలేదు. విశ్వాసులు కాని ఇళ్ళవారు కూడా సిమెంటు ఇచ్చారు. వాళ్ళ పెద్దలు దిగవలసినవీ ఆ మెట్లే కదా. నెహెమ్యా 3వ అధ్యాయము పేర్ల పట్టికలా ఉంటుందని దాటవేస్తాము గాని, తమ యింటికి ఎదురుగా ఉన్న గోడను బాగుచేసుకున్నవారి పేర్లవి. షల్లూముతో పాటు ఆయన కుమార్తెలూ పని చేశారు.

మలుపు దగ్గర చదును చేసిన చోట ఇప్పుడు సాయంత్రము పిల్లలు గోళీలాడుతున్నారు, ఇద్దరు ముగ్గురు తాతలు కూర్చుంటున్నారు. ఆ పైన ఒక పెద్ద బండ ఉన్నది. దాన్ని కదిలిస్తే చరియ జారుతుందేమో, అది మా చేతిపని కాదు. ఇంజనీరు వచ్చి చూడాలి. అర్జీ వ్రాసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు చేయిస్తున్నాము.

మామ్మగారి ఇల్లు 97వ మెట్టు దగ్గర. నెలకు మొదటి ఆదివారము రొట్టె, ద్రాక్షారసము పట్టుకొని పైకి వెళ్తాను. ప్రార్థన కాకముందే, పైపు ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. నలభై అంటే, ఇంకా యాభై ఏడు అని ఆవిడే లెక్క చెబుతారు.