కంప్యూటరుకి దిష్టి తగులుతుందా?

మూఢనమ్మకాలు అనగానే మనకి బాబాలూ, చేతబడీ, చిల్లంగీ, జాతకాలూ గుర్తుకొస్తాయి. వాటి గురించి మనవాళ్ళు చాలానే రాశారు, రాస్తూనే ఉన్నారు. కానీ చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో, సాక్షాత్తూ కంప్యూటరు ఉన్న గదిలోనే పుట్టి పెరిగే నమ్మకాలని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. "ఈ పోర్టులో పెడితేనే మైకు పనిచేస్తుందండీ", "రికార్డింగుకి ముందు రెండుసార్లు రీస్టార్టు చెయ్యాలి", "ఆ సాఫ్ట్‌వేరు వేసిన దగ్గర్నుంచీ దీనికి ఏదో పట్టుకుంది" లాంటి మాటలు మీరూ వినే ఉంటారు. వీటిలో కొన్ని నిజాలు, కొన్ని కాకతాళీయాలు. ఏది ఏదో తేల్చుకునే పద్ధతి ఒకటి ఉంది. దాని గురించే ఈ నాలుగు మాటలూ.

మాది ఖరగ్‌పూర్లో మలంచా. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాలనుంచి పనికోసం వచ్చిన తెలుగువాళ్ళ సంతతి ఇక్కడ చాలామందిమి ఉన్నాం. నేను వర్క్‌షాపులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. పాటలు రికార్డు చెయ్యడం నా వ్యాపకం. ఇంట్లో ఒక చిన్న గది, ఒక కంప్యూటరు, ఒక ఆడియో ఇంటర్‌ఫేసు, రెండు మైకులు, ఇదే నా స్టూడియో. నింపురా యార్డు ఇంజన్ల హారన్లు ఆగిన సమయం చూసుకుని పని చేసుకోవాలి.

బెంగాల్లో సెప్టెంబరు 17 ప్రాంతంలో విశ్వకర్మ పూజ చేస్తారు. ఇక ఇది రైల్వే ఊరు కాబట్టి చెప్పనక్కరలేదు. లేతు మిషన్లకీ, క్రేన్లకీ, ఆటోలకీ, ఆఖరికి ఆఫీసు కంప్యూటర్లకీ బొట్లూ, పూలదండలూ పడతాయి. మా సంఘంలో కొందరు దీన్ని చూసి నవ్వుతారు. నేను నవ్వను. ఎందుకంటే వర్క్‌షాపులో నేను ముప్ఫయ్యేళ్ళు గమనించిన విషయం ఒకటుంది. పూజ ఒక్కరోజు, గేజి ఏడాదంతా. పి.ఓ.హెచ్.కి వచ్చిన బండి చక్రం అరిగిందా లేదా అన్నది గేజి పెట్టి కొలిచి, రిజిస్టర్లో రాసి, సంతకం పెడితేగానీ బయటికి పోదు. "మొన్ననే పూజ చేశాం కదా, ఈ చక్రాన్ని కొలవక్కర్లేదు" అన్న మనిషిని నేను చూడలేదు, ఎంత భక్తుడైనా సరే. వెనకటి రోజుల్లో టి.ఎక్స్.ఆర్. సిబ్బంది చక్రాలని సుత్తితో కొట్టి చూసేవారు. బాగున్న చక్రం గంటలా మోగుతుంది, పగులుంటే మోత బొంగురుపోతుంది. అదీ పరీక్షే, మంత్రం కాదు.

ఇంట్లో కంప్యూటరు విషయానికి వచ్చేసరికి ఇదే మనుషులు గేజిని వదిలేసి పూజని మాత్రం ఉంచుకుంటారు. అసలు చిక్కు అక్కడుంది.

తాటిచెట్టు మీద కాకి వాలిన క్షణానే పండు పడితే, కాకే పడగొట్టిందనుకోవడాన్ని మన పెద్దలు కాకతాళీయం అన్నారు. ఈ మాట ఎంత పాతదో, అందులోని తెలివి అంత గొప్పది. 1948లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పావురాలతో ఒక ప్రయోగం ప్రచురించాడు. ఆకలిగా ఉన్న పావురాలు ఏం చేసినా చెయ్యకపోయినా, నిర్ణీత వ్యవధిలో వాటికి కాస్త మేత అందేది. ఎనిమిదింటిలో ఆరు పావురాలు ఏదో ఒక చేష్ట అలవాటు చేసుకున్నాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది, మరొకటి తల ఒక మూలకి విసిరేది. ఆ చేష్టవల్లే మేత వస్తున్నట్టుగా ప్రవర్తించాయన్నమాట. ఆ ప్రవర్తనకి స్కిన్నర్ ఇచ్చిన వివరణని 1971లో వేరే పరిశోధకులు ప్రశ్నించారు. అది వేరే చర్చ. కానీ ఎప్పుడు పాడవుతుందో, ఎప్పుడు దానంతటదే బాగవుతుందో తెలియని యంత్రం ముందు కూర్చున్న మనిషి పరిస్థితి ఆ పావురాలకి దగ్గరగానే ఉంటుంది. అప్పుడప్పుడూ వచ్చిపోయే లోపం ఉన్నచోట ఏ చిట్కా అయినా కొన్నాళ్ళు పనిచేసినట్టే కనిపిస్తుంది.

ఇక్కడ రికార్డింగు కంప్యూటరు సంగతి కొంచెం చెప్పాలి. మైకులో పడ్డ శబ్దాన్ని ఇంటర్‌ఫేసు సెకనుకి 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలని కంప్యూటరు ఒక్కొక్కటిగా కాక గుత్తులుగా తీసుకుంటుంది. ఆ గుత్తి పట్టే చోటునే బఫరు అంటారు. దీన్ని వీధి కుళాయి దగ్గర రెండు బిందెలతో పోల్చవచ్చు. కుళాయి ఆగదు. ఒక బిందె నిండేలోపు రెండోది తొట్టిలో పోసి తిరిగి రావాలి. రాకపోతే నీళ్ళు నేలపాలు. బఫరు 256 అయితే మనకున్న గడువు సెకనులో వెయ్యోవంతులు సుమారు 5.3 మాత్రమే. 1024 అయితే 21.3. గడువు దాటితే పాటలో "టప్" మని ఒక చప్పుడు, లేదా ఒక ముక్క మాయం.

కాబట్టి "నా కంప్యూటరు చాలా ఫాస్టండీ, పది శాతం కూడా వాడటం లేదు" అనే మాట ఇక్కడ చెల్లదు. రోజంతా ఖాళీగా కూర్చున్న మనిషైనా, బిందె నిండిన ఆ ఒక్క క్షణంలో ఎవరితోనో మాట్లాడుతూ నిలబడితే నీళ్ళు పోయినట్టే. సగటు వేగం కాదు, గడువు ముఖ్యం. ఈ సంగతి తెలియనివాళ్ళు ర్యామ్ మార్చి, ప్రాసెసర్ మార్చి, చివరికి వాస్తు చూపించి కంప్యూటరుని ఈశాన్యం నుంచి ఆగ్నేయానికి మారుస్తారు.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. ఎనభై నాలుగేళ్ళు. టెక్కలి దగ్గర పల్లెనుంచి పెళ్ళై ఇక్కడికొచ్చింది. ఊడుపు పాటలు, నలుగు పాటలు, అప్పగింతల పాటలు, ఆవిడకి ఎన్ని వచ్చో ఆవిడకే తెలీదు. మనవలకి హిందీ, బెంగాలీ బాగా వచ్చు, తెలుగు మాట్లాడతారుగానీ చదవలేరు. ఆ పాటలు ఆవిడతోనే పోతాయి. పైగా ఆవిడకి ఆయాసం. మంచిరోజున గంటసేపు పాడగలదు, లేకపోతే పది నిమిషాలు. ఒకసారి పాడినట్టు ఇంకోసారి పాడదు. పదాలు మారిపోతాయి, చరణాలు కలిసిపోతాయి. అంటే ఇక్కడ "మళ్ళీ తీసుకుందాం" అనే వీలు లేదు.

అలాంటి రికార్డింగుల్లో టప్ టప్ మని చప్పుళ్ళు మొదలయ్యాయి. ఒకసారి ఒక మంచి పాట మధ్యలో ఒక పాదం మింగేసింది. పెద్దమ్మ రెండుసార్లు చూసి, "పాటకి దిష్టి తగిలీసింది బాబూ, ఇంక నాను పాడను" అంది. వాళ్ళ కోడలు వచ్చి నా కంప్యూటరుకి నిమ్మకాయలూ, మిరపకాయలూ కట్టింది. బాగుచేసే కుర్రాణ్ణి పిలిస్తే, "ఫార్మాట్ చేసేద్దాం అంకుల్" అన్నాడు. నా దృష్టిలో ఆ రెండు సలహాలకీ పెద్ద తేడా లేదు. రెండిట్లోనూ కారణం ఏమిటన్న ప్రశ్నే లేదు.

ముందు బఫరు 256 నుంచి 1024కి పెంచాను. చప్పుళ్ళు తగ్గాయిగానీ పోలేదు. అంటే గడువుకి సంబంధించిన గొడవేనని కొంత తెలిసింది. లేటెన్సీమాన్ అని ఒక సాఫ్ట్‌వేరు ఉంది. ఏ డ్రైవరు ప్రాసెసర్‌ని ఎంతసేపు అట్టేపెట్టుకుంటోందో కొలిచి చూపిస్తుంది. అదే మా గేజి అన్నమాట. పావుగంట నడిపితే వైఫై కార్డు డ్రైవరు అప్పుడప్పుడు 20 మిల్లీసెకన్లు దాటి కదలకుండా కూర్చుంటోందని చూపించింది. అయినా అది అనుమానమే, రుజువు కాదు.

రుజువుకోసం పన్నెండు రికార్డింగులు చేశాను, ఒక్కొక్కటి పది నిమిషాలు. పాట కాదు, ఇంటర్‌ఫేసు అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌కి కలిపి ఒకే స్వరం. అందులో చప్పుడు వస్తే తెరమీద స్పష్టంగా కనిపిస్తుంది. ఆరింటిలో వైఫై ఆన్, ఆరింటిలో ఆఫ్. ఆ ఆరేసిలోనూ సగం నిమ్మకాయలతో, సగం నిమ్మకాయలు తీసేసి. ఏది ముందు, ఏది వెనక అన్నది నేను నిర్ణయించలేదు. చీటీలు వేసి పెద్దమ్మ చేతే తీయించాను. చప్పుళ్ళు లెక్కపెట్టింది ఆవిడ మనవడు. ఏ ఫైలు ఏ పరిస్థితిలోదో వాడికి చెప్పలేదు.

ఫలితం ఇదీ. వైఫై ఆన్‌లో ఉన్న ఆరింటిలోనూ చప్పుళ్ళున్నాయి, మూడునుంచి తొమ్మిది దాకా. ఆఫ్ చేసిన ఆరింటిలో ఒక్కటీ లేదు. నిమ్మకాయలు ఉన్నా లేకపోయినా తేడా లేదు. కంప్యూటర్లో వైఫై కార్డుని డిసేబుల్ చేశాను, అంతే.

పెద్దమ్మ శ్రద్ధగా విని, "అయితే దిష్టి ఆ వైఫైకే తగిలిందన్నమాట. నా పాటకి తగల్నేదు కదా, ఇంకేటి!" అంది. మర్నాటినుంచి మళ్ళీ పాడింది. ఆవిడ నమ్మకం మారలేదని మిత్రులు కొందరు పెదవి విరిచారు. నాకు మాత్రం ఇది చిన్న విషయం అనిపించలేదు. తనమీద పడ్డ నింద తప్పని ఆవిడ చీటీలు తీసి తనే తేల్చుకుంది. "ఇంక పాడను" అన్న మనిషి పాడింది. ఎనభై నాలుగేళ్ళ మనిషితో దిష్టి ఉందా లేదా అని వాదించి గెలిచి, పాటలు పోగొట్టుకోవడం నాకు లాభంగా కనిపించదు.

చిట్కాలన్నీ మూఢనమ్మకాలు కావు. "రీస్టార్ట్ చెయ్యండి" అన్నది మంత్రంలాగే వినిపిస్తుంది. కానీ దానికి కారణం ఉంది. రోజుల తరబడి నడిచిన ప్రోగ్రాములు, డ్రైవర్లు ఏదో ఒక తప్పు స్థితిలో చిక్కుకోవచ్చు. రీస్టార్ట్ చేస్తే అన్నీ మొదటినుంచి మొదలవుతాయి. అయితే అది ఉపశమనమేగానీ రోగ నిర్ధారణ కాదు. అలాగే ఒకప్పుడు నిజమై, ఇప్పుడు కానివి కొన్నుంటాయి. తిరిగే హార్డ్ డిస్కులకి డీఫ్రాగ్ చెయ్యడం మంచిదే. ఎస్.ఎస్.డి.లకి దానివల్ల వేగం రాదు, అనవసరమైన రాతతో అరుగుదల తప్ప. అయినా నెలనెలా చేసేవాళ్ళున్నారు. మా ఊళ్ళో ఇప్పటికీ "ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం మాదే" అని చెప్పుకుంటారు. మాది 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటింది. 2023లో 1,507 మీటర్లతో హుబ్బళ్ళి ఆ రెండింటినీ దాటింది. కొలత మారినప్పుడు మాట కూడా మారాలి.

ఖరీదైన యూఎస్‌బీ కేబులు పెడితే పాటకి "తియ్యదనం" వస్తుందని అమ్మేవాళ్ళూ ఉన్నారు. కేబులులో పోయేవి అంకెలు. కేబులు చెడ్డదైతే చప్పుళ్ళో, ఖాళీలో వస్తాయిగానీ గొంతులో మాధుర్యం తగ్గదు. నమ్మనివాళ్ళు కళ్ళకి గంతలు కట్టుకుని పదిసార్లు విని చెప్పమనండి.

ఇక నేను పాటించే పద్ధతి చెబుతాను. ఇందులో గొప్పేమీ లేదు, వర్క్‌షాపు అలవాట్లే. కంప్యూటరు పక్కన ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఏ తేదీన ఏం మార్చానో, ఏం పాడైందో అందులో రాస్తాను. జ్ఞాపకాన్ని నమ్మను. అది తగిలినవి గుర్తుంచుకుని తప్పినవి మరిచిపోతుంది, జ్యోతిష్కుల ఖాతాదారులకి జరిగేది అదే. ఒకసారికి ఒక్కటే మారుస్తాను. ఒకే రోజున డ్రైవరు, కేబులు, సాఫ్ట్‌వేరు మూడూ మార్చి బాగైందంటే, దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలీదు. పనిచేస్తున్న దాన్ని రికార్డింగులు నడుస్తున్న నెలలో అప్‌డేట్ చెయ్యను. చేసేముందు మొత్తం డిస్కుకి ఒక ఇమేజి తీసి పెట్టుకుంటాను. విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత సిస్టమ్ నడిపేవాళ్ళు దాన్ని నెట్‌కి దూరంగా ఉంచడం, ఎవరిదోపడితే వారి పెన్‌డ్రైవు పెట్టకపోవడం మంచిది.

వేసవిలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు మళ్ళీ బిందె కథే. అందుకని మూడు నెలలకోసారి ఫ్యాన్ల దుమ్ము దులుపుతాను. కాలబైశాఖి గాలివాన లేచే సాయంకాలాలు యూపీఎస్ ఉన్నా ప్లగ్గులు పీకేస్తాను. యూపీఎస్ కరెంటు పోతే ఆదుకుంటుందిగానీ పిడుగుని ఆపదు. రికార్డింగులో 50 హెర్ట్జ్ గుయ్‌మనే మోత వస్తే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగు కొలిపిస్తాను.

అన్నిటికంటే ముఖ్యం కాపీలు. 48,000 హెర్ట్జ్, 24 బిట్, స్టీరియో అయితే గంట పాట సుమారు ఒక గిగాబైటు. ఈరోజుల్లో అదేమంత బరువు కాదు. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్ళో. నెలకోసారి చెక్‌సమ్ సరిచూసి, ఏదో ఒక ఫైలు తెరిచి వింటాను. తెరిచి చూడని కాపీ ఉన్నట్టే అనుకోవడం కూడా నమ్మకమే.

డిస్కు ఏదో ఒకరోజు చెడిపోతుంది. మనిషి ఏదో ఒకరోజు పోతాడు. ఈ రెంటినీ ఏ నిమ్మకాయా ఆపదు. ఈలోపల ఏం చెయ్యగలమన్నదే మన చేతిలో ఉంది. మీ ఇంట్లోనూ ఒక పెద్దమ్మో, తాతగారో ఉంటే, ఒక నోటు పుస్తకం కొని ఈ ఆదివారమే మొదలుపెట్టండి. దిష్టి తీస్తామని ఇంట్లోవాళ్ళు పట్టుబడితే తియ్యనివ్వండి. ఆ సంగతి కూడా తేదీతో సహా పుస్తకంలో రాయండి. ఆర్నెల్ల తరవాత వాళ్ళనే లెక్క చూడమనండి.