శుభలేఖ మీద కోర్సివా

మోనోటైప్ కోర్సివా అనే ఇంగ్లీషు ఫాంటు పేరు తెలియనివాళ్ళు కూడా ఆ అక్షరాన్ని చూసే ఉంటారు. శుభలేఖలో ఇంగ్లీషున వేసిన పెళ్ళికొడుకు పేరు, బడిలో ఇచ్చే ప్రశంసాపత్రం, మిర్చి కమిషన్ కొట్టు లెటర్‌హెడ్, వీటి మీద కుడివైపు వాలి, చివర్లు సన్నగా సాగి, పెద్దక్షరాలకు తోకలతో కనిపించేది చాలాసార్లు అదే. దీన్ని గీసింది ప్యాట్రీషియా సాండర్స్. మోనోటైప్ సంస్థ 1991లో విడుదల చేసింది. మైక్రోసాఫ్ట్ ఆఫీసు వెంట కంప్యూటర్లలోకి దిగి పల్నాడులోని దాచేపల్లి దాకా వచ్చింది.

దాని మూలం పదహారో శతాబ్దపు ఇటలీ. లుదోవికో అర్రిగి పోపు కార్యాలయంలో ఉత్తర్వులు రాసే లేఖకుడు. 1522 తేదీతో ఉన్న ‘లా ఒపెరీనా’ అనే చిన్న పుస్తకంలో ఆ కచేరీ రాతను జనానికి నేర్పాడు. వాలుగా కోసిన కలం పాళీ ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా గీస్తుంది. చెయ్యి ఆగకుండా సాగితే అక్షరం దానంతటదే వాలుతుంది. అంతకుముందే, 1501లో, వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ఇలాంటి వాలు అక్షరంతో వర్జిల్ కావ్యాలను చిన్న సైజు పుస్తకంగా అచ్చు వేశాడు. ఆ పోత అక్షరాలకు అచ్చులు చెక్కినవాడు ఫ్రాన్సెస్కో గ్రిఫో. అందులో చిన్నక్షరాలే వాలాయి, పెద్దక్షరాలు నిటారుగానే నిలబడ్డాయి. కోర్సివాలో పెద్దక్షరాలూ వాలాయి, పైగా తోకలు తొడుక్కున్నాయి. మాట మొదట్లో ఒకటి ఉంటే అందం. వరసగా పది పేరిస్తే తోకకు తోక తగులుకుని పేరు చదవడమే కష్టమవుతుంది.

దాచేపల్లిలో ఫ్లెక్సీలు, శుభలేఖలు వేసే ఒక కొట్టుకు ఈ వ్యాసకర్త వెళ్ళినప్పుడు జరుగుతున్నది సరిగ్గా ఇదే. పత్తి, మిర్చి డబ్బు చేతికొచ్చి ముహూర్తాలు దగ్గరపడిన రోజులు. పెళ్ళికూతురు తండ్రి పక్కన నిలబడి పేర్లన్నీ పెద్దక్షరాల్లోనే పడాలంటున్నాడు. చదువులు, ఉద్యోగాలు కూడా అంతే. ఆపరేటర్ మారుమాట్లాడకుండా మార్చాడు. ఆయన వెళ్ళాక మాత్రం అన్నాడు: “చెబితే వినరండీ. పేరు చిన్నక్షరాల్లో వేస్తే చిన్నచూపనుకుంటారు.”

అసలు పని తెలుగు దగ్గర మొదలవుతుంది. ఇంగ్లీషు పేరు వాలింది కాబట్టి తెలుగు పేరూ వాలాలని అడిగేవాళ్ళే ఎక్కువ. అను అనే తెలుగు ఫాంట్లలో నిటారు అక్షరం వేసి, బొమ్మలు గీసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో దాని మీద రెండుసార్లు నొక్కి, పై అంచు పట్టి కుడికి లాగుతారు. అక్షరం నిలబడే గీతకు పైనున్నది కుడికి పోతుంది, కిందున్నది ఎడమకు జరుగుతుంది. ‘లక్ష్మి’లో గుడి ఒక దిక్కు, మవత్తు ఇంకో దిక్కు. ‘శ్రీమతి’లో రవత్తు ముందున్న చుక్కనో అక్షరాన్నో తాకుతుంది. గుండ్రంగా ఉండాల్సిన సున్నా నొక్కుపడిన గిన్నెలా తయారవుతుంది.

చాలా కొట్లలో దాన్ని అలాగే అచ్చుకు పంపేస్తారు. ఈ ఆపరేటర్ కుర్రాడు పంపడు. ఎడమచెయ్యి కంట్రోల్ కీ మీంచి లేవదు. క్యూ నొక్కి అక్షరాన్ని గీతలుగా మారుస్తాడు, కె నొక్కి ముక్కలు విడగొడతాడు. విడగొట్టగానే అక్షరాల కడుపులు నల్లగా పూడుకుపోతాయి. ఒక్కో జంటనూ పట్టుకుని ఎల్ నొక్కి మళ్ళీ కలిపితే గాని ఖాళీలు తెరుచుకోవు. తర్వాత వత్తును వెంట్రుకవాసి కుడికి జరిపి, కళ్ళు చికిలించి చూసి, ఇంకాస్త జరుపుతాడు. కార్డు ధరలో ఈ పనికి పైసా లేదు. అందుకున్నవాళ్ళకు తెలియనూ తెలియదు.

ఇంత కష్టపడినా వచ్చేది వాల్చిన తెలుగే తప్ప వాలు తెలుగు కాదు. తాటాకు మీద గంటం గీసిన గీతకు లావూ సన్నం లేవు. మన అచ్చక్షరం ఆ గంటం రాత గుండ్రదనాన్నే పట్టుకుని నిలిచింది. పుస్తకాల పేర్లకు, నొక్కి చెప్పాల్సిన మాటలకు ఇంగ్లీషు వాలు అక్షరం వాడితే, తెలుగు కొటేషన్ గుర్తులతోనో లావు అక్షరంతోనో సరిపెట్టుకుంది. అందులో తప్పేమీ లేదు. అయితే తెలుగుకు చెయ్యెత్తకుండా సాగే రాత లేదనుకోవడం మాత్రం అజ్ఞానం. కరణాలు గ్రామ లెక్కలు రాసిన గొలుసుకట్టు అదే. అదీ కచేరీ రాతే, అదీ తొందరలో పుట్టిందే. రోములో గుమాస్తాల రాత ప్రపంచమంతా శుభలేఖలకు అలంకారమైంది. ఇక్కడ కరణాల పదవులు 1984లో రద్దయ్యాయి, ఆ రాత చదవగలిగినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. సిలికానాంధ్ర సంస్థ పెద్దన, తిమ్మన వంటి పేర్లతో ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు మేలైన పనే, కానీ వాటిలోనూ వాలు జత లేదు. దాచేపల్లి కొట్టు జాబితాలో గొలుసుకట్టు మచ్చుకైనా కనిపించదు.

గొలుసుకట్టును ఫాంటుగా మార్చడం సాధ్యం కాని పని కాదు. అంతకంటే చిక్కైన ఉర్దూ నస్తాలిఖ్ రాత 1981లోనే నూరీ నస్తాలిఖ్‌గా కంప్యూటర్ ఎక్కింది. అందుకోసం మీర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ అక్షరాల కూడికలు చేత్తో రాశాడు. గొలుసుకట్టుకు ఇప్పటి ఫాంటు సాంకేతికతతో అంత చాకిరీ అక్కర్లేదు. పాత లెక్కల కట్టలు ముందేసుకుని, ఏ అక్షరం దేనితో ఏ వంపులో కలుస్తుందో, వత్తు ఎక్కడ గొలుసులోకి ఎక్కుతుందో చదవగలిగినవాళ్ళ చేత ముందుగా పట్టిక వేయించాలి. అక్షరాలు గీయడం ఆ తర్వాతి పని.